లేసావి కోపం, మా సంత

లేసావికి కోపం ముక్కు మీద ఉంటుందని మా ఊళ్ళో అందరూ అంటారు. అది అబద్ధం. ముక్కు మీదే ఉంటే తుమ్మినప్పుడైనా కాస్త రాలిపోయేది. ఆవిడకు కోపం ఒళ్ళంతా ఉంటుంది. నడకలో ఉంటుంది, కొబ్బరికాయ కొట్టడంలో ఉంటుంది, ఆదివారం గుడిలో పాట పాడేటప్పుడు కూడా ఉంటుంది. ఆవిడ పాడుతుంటే దేవుడితో ఏదో తేల్చుకోవడానికి వచ్చినట్టే అనిపిస్తుంది. నేను ఆవిడ పక్క బల్లదాన్ని. ఇన్నేళ్ళుగా ఆ కోపం పక్కనే కూర్చుని చిలగడదుంపలు అమ్ముకుంటున్నాను కాబట్టి చెప్పే హక్కు నాకుంది.

మా సంత ఎఫాటే దీవికి ఉత్తరాన, సముద్రం పక్కనే ఉంటుంది. నాలుగు వైపులా కర్ర స్తంభాలు, పైన రేకులు, కింద ఇసుక. ముందు రోడ్డు, వెనక పడవల రేవు. శుక్రవారం పెద్ద సంత. ఎదురుగా కనిపించే చిన్న దీవుల ఆడవాళ్ళు పడవల్లో వస్తారు, కొండ మీద తోటలున్న మేం బుట్టలు మోసుకుని దిగుతాం, పట్నం నుంచి కొనేవాళ్ళు బస్సుల్లో వస్తారు. చేమదుంపలు, పెండలం, అరటి గెలలు, పంపరపనసలు అన్నీ కొబ్బరాకు బుట్టల్లోనే అమ్ముతాం. అట్టముక్క మీద రాసిన ధరే ధర. మా దగ్గర బేరం లేదు. పొద్దుగూకేదాకా అమ్ముడుపోకపోతే ఇంటికి మోసుకుపోయి పందులకైనా వేస్తాం గానీ ధర తగ్గించం.

ఓడల్లో వచ్చే తెల్లవాళ్ళకు ఈ సంగతి తెలీదు. ఒకసారి ఒకావిడ లేసావి బల్ల మీది బొప్పాయి పట్టుకుని, సగానికి ఇమ్మని వేళ్ళు చూపించింది. మేమైతే తల అడ్డంగా ఊపి ఊరుకునేవాళ్ళం. లేసావి ఆ పండు ఆవిడ చేతిలోంచి తీసుకుంది, కత్తితో రెండు చెక్కలు చేసింది, గింజలు గీకేసింది, ఆవిడ కళ్ళలోకి చూస్తూ తినడం మొదలుపెట్టింది. రెండో చెక్క నాకిచ్చింది. నేనూ తిన్నాను. తినకపోతే నా మీద పడేది.

ఆవిడ మా ఊరిది కాదు. టొంగోవా దీవి నుంచి పెళ్ళి చేసుకుని వచ్చింది. కల్‌ఫావు ఆవిడ మొగుడు. నోట్లో నాలుక లేని మనిషి, రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. మా దగ్గర ఒక పాడు అలవాటుంది. బయటి దీవి నుంచి వచ్చినవాళ్ళను "వచ్చినవాళ్ళు" అంటాం. వచ్చి పదేళ్ళయినా అంతే, జుట్టు నెరిసినా అంతే. మా తోటల్లో పని చేయొచ్చు, మా చచ్చినవాళ్ళ కోసం ఏడవొచ్చు, మా పిల్లలకు ముక్కులు తుడవొచ్చు. కానీ నేల దగ్గరికి వచ్చేసరికి వచ్చినవాళ్ళే. లేసావికి ఇద్దరు కూతుళ్ళు. ఇద్దరూ పెళ్ళి చేసుకుని వేరే దీవులకు పోయి, అక్కడ వాళ్ళూ వచ్చినవాళ్ళే అయ్యారు. ఆడవాళ్ళను ఇలా ఒక దీవి నుంచి ఇంకో దీవికి విసిరి, పడ్డచోట నీకు నేల లేదనడం మా మగవాళ్ళకు భలే కుదిరింది.

సంత ఉన్న నేల కల్‌ఫావుది. పెద్ద తుఫాను వచ్చి ఊరంతా నేలమట్టమైన ఏడాది, ఆడవాళ్ళు రోడ్డు పక్కన ఎండలో కూర్చుని అమ్ముకుంటుంటే చూడలేక, ఊరి పెద్ద ముందు నిలబడి ఆ నేల సంతకు ఇస్తున్నానని చెప్పాడు. బహుశా ఆయన జీవితంలో అంత పొడవు మాట అదొక్కటే. అప్పట్లో ఊరి పెద్ద కల్‌ఫావు నాన్నే. కాగితం ఏమీ లేదు. మాటంటే మాటే. గుడి పైకప్పు ఎగిరి మడ అడవిలో పడి ఉంటే, లేసావి మమ్మల్ని మోకాటి లోతు బురదలో నడిపించి ఆ రేకులు మోయించుకొచ్చింది. ఈ రోజుకీ ఎండ పడకుండా మా నెత్తి మీద ఉన్నవి ఆ రేకులే.

కల్‌ఫావు పోయాక ఆయన తమ్ముడు ఊరి పెద్ద అయ్యాడు. అంటే లేసావికి మరిది. మెత్తటి మనిషి. ఎవరితోనూ గొడవ పెట్టుకోడు, ఎవరికీ న్యాయమూ చెయ్యడు. సాయంత్రమైతే కవా వేళ్ళు నలగ్గొట్టి పిండిన మత్తు రసం తాగుతూ మగవాళ్ళతో కూర్చుని ఊరి సంగతులన్నీ మాట్లాడతాడు, తెల్లారేసరికి ఒక్కటీ గుర్తుండదు. అన్న తోటలో ముందు అరటి వైపు ముక్క తీసుకున్నాడు. తర్వాత ఆవులకని ఇంకో ముక్కకు కంచె వేశాడు. చివరికి లేసావికి కొండ మీద ఏటవాలు నేల ఒకటి మిగిలింది. అక్కడ బుట్ట కింద పెడితే దానంతటదే దొర్లిపోతుంది. ఇక ఈ ఊళ్ళో పక్కకు జరగమని ఎవరూ అనలేని చోటు ఆవిడకు ఒక్కటే ఉంది, సంతలో బల్ల.

అప్పుడు దిగాడు కల్మసే. ఊరి పెద్ద కొడుకు. పట్నంలో ఏదో కంపెనీకి కారు నడిపి, నల్ల కళ్ళద్దాలు, పొడుగు లాగూ వేసుకుని వచ్చాడు. వాడు పెండలం గొయ్యి తవ్వగా నేను చూడలేదు, మీరెవరైనా చూస్తే చెప్పండి. సముద్రం ఒడ్డున విడిది ఇళ్ళు కట్టే విదేశీ కంపెనీ ఒకటి మంచి ఇసుక వెతుకుతోందట. మా రేవంత మంచి ఇసుక ఎక్కడుంది? సంతను పైన రాళ్ళ గని దగ్గరికి మారుస్తామని, అక్కడ సిమెంటు గదులు కట్టిస్తామని వాడు ఇంటింటికీ తిరిగి చెప్పాడు. రాళ్ళ గని దగ్గర బస్సు ఆగదు. పడవ ఎలాగూ ఎక్కదు. ఆ సిమెంటు గదుల్లో మా చేమదుంపలు గబ్బిలాలకు అమ్ముకోవాలి. వాళ్ళ నాన్నను అడిగితే అవుననలేదు, కాదనలేదు, నీళ్ళు నమిలాడు.

ఆ శుక్రవారం పొద్దున్నే మేం బుట్టలతో దిగేసరికి సంత ముందు స్తంభాలకు నమేలె ఆకులు కట్టి ఉన్నాయి. ఈతమట్టలా ఉంటుంది ఆ ఆకు. మా దీవుల్లో దాన్ని కడితే అక్కడితో ఆగిపోవాలి. చేపలు పెరగాలంటే రేవుకు కడతారు, కొబ్బరికాయలు దొంగతనం పోతుంటే తోటకు కడతారు. కట్టే హక్కు ఊరి పెద్దది. కట్టాక చిన్నా పెద్దా ఎవరూ దాటరు. వెనక రేవు వైపు కూడా కట్టి ఉంది. పడవల్లో వచ్చిన ఆడవాళ్ళు దిగకుండా నీళ్ళలోనే ఆగిపోయి మా వైపు చూస్తున్నారు.

లేసావి బుట్ట దించి, ఎవరు కట్టారని అడిగింది. తెల్లవారుజామున కల్మసే కడుతుంటే చూశామని గుడి దగ్గర ఉండేవాళ్ళు చెప్పారు. మీ నాన్న కట్టమన్నాడా అని అడిగితే, ఆయన పడుకున్నాడు, ఆయన తరఫున కడుతున్నా అన్నాడట. మా అందరికీ ఒళ్ళు మండిపోయింది. ఈవిడ ఆ ఆకు పీకి సముద్రంలో పారేస్తుంది, ఊరంతా తగలబడుతుంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే పీకితే బాగుండునని కూడా అనుకున్నాను.

లేసావి పీకలేదు. ఆ ఆకు ముందే గడ్డిలో చతికిలబడింది. "కట్టినవాడు వెధవయితే ఆకు తప్పేముంది" అంది. "ఆకు ఆకే. ఎవరూ దాటొద్దు."

కొంతమంది రోడ్డు పక్కన గోనెలు పరుచుకుని అమ్ముకుందామన్నారు. బస్సులు వచ్చే వేళయింది, ఆకుకూర వాడిపోతోంది. లేసావి వాళ్ళ మీద విరుచుకుపడింది. ఇవాళ రోడ్డు మీద కూర్చుంటే వచ్చే శుక్రవారం కూడా రోడ్డు మీదే, ఇక చచ్చేదాకా రోడ్డు మీదే అంది. బస్సులు వచ్చాయి, ఆకు చూశాయి, వెళ్ళిపోయాయి. మేం బుట్టలు ముందు పెట్టుకుని ఆవిడ వెనక కూర్చున్నాం. ఎండెక్కుతున్నకొద్దీ నాకు కల్మసే మీద ఉన్న కోపంలో కొంత లేసావి మీదికి కూడా మళ్ళింది.

ఎండ బాగా ముదిరాక కారొచ్చింది. అందులోంచి కొలతల సామాను పట్టుకుని ఒక తెల్లాయన, డ్రైవరు, మన కల్మసే దిగారు. సంత ఖాళీగా ఉంటుంది, కొలుచుకోవచ్చు అని వాడి లెక్క. ఆకు కట్టింది అందుకే. మమ్మల్ని చూసి ఒక్క క్షణం ఆగాడు, తర్వాత ఏమీ ఎరగనట్టు స్తంభాల వైపు నడిచాడు. లేసావి లేచి వాడికి అడ్డం నిలబడింది.

"ఎక్కడికిరా?"

"కొలతలకి పెద్దమ్మా. కాస్త పక్కకి జరుగు."

"ఆకు కనబళ్ళేదా?"

"కట్టింది నేనే గదా."

"అయితే నీకింకా బాగా కనబడాలి."

రేవులో పడవలవాళ్ళు పగలబడి నవ్వారు. మేమూ నవ్వాం. నవ్వుతూనే లేచి ఆవిడ పక్కన వరసగా నిలబడ్డాం. డ్రైవరు మలెకులా దీవి మనిషి, వాడికి ఆకు సంగతి తెలుసు. తెల్లాయన చెవిలో ఏదో చెప్పాడు. ఆయన గబగబా వెనక్కి వెళ్ళి కార్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. కల్మసేకు తల కొట్టేసినట్టయింది. కంపెనీవాళ్ళ ముందు పెద్ద మనిషిలా నిలబడాల్సినవాడు, తను కట్టిన ఆకు ముందు తనే ఆగిపోయాడు. అప్పుడు ఆ మాట అన్నాడు. అందరికీ వినబడేలా, మా భాషలో, తెగించి అన్నాడు.

"నువ్వెవరు మాకు చెప్పడానికి? నువ్వు వచ్చినదానివి. ఈ ఊళ్ళో నీకు అరచెయ్యంత నేల లేదు."

లేసావి తిడుతుందనుకున్నాను. ఆవిడ తిడితే నాకు భయం వేసేది కాదు. ఊరుకునేసరికే భయం వేసింది. ఆవిడ మెల్లగా మళ్ళీ గడ్డిలో కూర్చుని, గౌను మోకాళ్ళ మీదికి సర్దుకుంది.

కల్మసేను అక్కడే వదిలేసి కారు వెళ్ళిపోయాక ఊరి పెద్ద కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. ఆకు చూశాడు, కొడుకును చూశాడు, మమ్మల్ని చూశాడు. పిల్లాడికి తెలియక పొరపాటు చేశాడని, ఇప్పుడే తీయించేస్తానని వదినగారికి చెప్పాడు. ఆ పిల్లాడికి గడ్డం ఉంది, పెళ్ళాం ఉంది.

"ఊరికే తీయించేస్తావా?" అంది లేసావి. "అయితే రేపటి నుంచి ఎవడికి పని పడితే వాడు కడతాడు, ఎవడికి అడ్డమొస్తే వాడు పీకేస్తాడు. పంది కొట్టి, పద్ధతిగా తియ్యి."

హక్కు లేనివాడు కట్టిన ఆకును పందిని చంపకుండా తీస్తే రేపు ఆయన కట్టిన ఆకును ఎవరూ లెక్కచెయ్యరు. ఆకు పోతే ఆయన దగ్గర ఇంకేముంది, కవా చిప్ప తప్ప? సరేనన్నాడు. కానీ పంది దొరకాలి, చాపలు పోగుచెయ్యాలి, మిగతా ఊళ్ళ పెద్దలకు కబురు పెట్టాలి. అప్పటిదాకా సంత మూతే. మా ఆకుకూర నల్లబడింది, బొప్పాయిలకు చీమలు పట్టాయి. రోజుకొకరు లేసావి ఇంటి ముందుకొచ్చి, నీ పంతానికి మా పిల్లల కడుపు మాడుతోందని తిట్టిపోయారు. తుఫానప్పుడు ఆవిడ వెనక బురదలో నడిచినవాళ్ళే వీళ్ళు. ఆవిడ పళ్ళు నూరుకుంది గానీ తలుపు తియ్యలేదు.

చివరికి ఆ రోజొచ్చింది. మగవాళ్ళు కవా తాగే చావడి ముందు ఊరంతా చేరింది. కట్టేసిన పంది, ఎర్రరంగు అద్దిన చాపలు, పెండలం దుంపలు, కవా వేళ్ళు గుట్టగా పెట్టారు. కల్మసే నల్లద్దాలు లేకుండా వచ్చాడు. హక్కు లేకుండా ఆకు కట్టడం తప్పయిందని తల వంచుకుని చెప్పాడు. మాట బాగానే చెప్పాడు, ఎవరో నేర్పి ఉంటారు. వాళ్ళ నాన్న లేచి సంతకు వెళ్ళి, తన చేత్తో ఆకులు విప్పి వచ్చాడు. పక్కనే పందిని కాల్చడం మొదలైంది. ఆ వాసనకు మా వాళ్ళ మొహాలు మెత్తబడిపోయాయి.

తర్వాత చేతులు కలపాలి. సంత ఆడవాళ్ళం ఒక్కొక్కరం వెళ్ళి కల్మసే చెయ్యి పట్టుకుని, చాపొకటి తీసుకుని వచ్చాం. నేనూ పట్టుకున్నాను. చెమటతో జారిపోతోంది. ఒక పక్క ఊరి పెద్ద మాట్లాడుతూనే ఉన్నాడు. గండం గడిచిందన్న సంతోషంలో ఉన్నాడేమో, నోటికి అడ్డూ ఆపూ లేదు. చేతులు కలిశాక ఈ గొడవ ఎవరూ ఎత్తకూడదన్నాడు, ఎత్తినవాళ్ళు పంది జరిమానా కట్టాలన్నాడు. ఇక నేల మీద ఏ మచ్చా లేదు కాబట్టి వచ్చే వారం కంపెనీవాళ్ళను పిలిచి ఆ నేల సంగతి ప్రశాంతంగా మాట్లాడుకోవచ్చన్నాడు. మాలో ఎవరికీ ఆ మాట చెవికెక్కలేదు. మా చెవులన్నీ పంది దగ్గరున్నాయి.

అందరికంటే చివర లేసావి. చెయ్యి చాచింది, కల్మసే కూడా చాచాడు. వేళ్ళు తగలబోతుండగా ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని గౌనుకు తుడుచుకుంది.

"ఏమన్నావు మరిదీ? ఏ నేల సంగతి మాట్లాడతారు?"

ఆయన ఏదో మాటవరసకి అన్నానన్నాడు.

"గొడవ తెగని నేల గురించి బయటివాళ్ళతో మాట్లాడొచ్చా?"

"కూడదు వదినా. అది అందరికీ తెలిసిందే గదా" అని, అనేశాక ఆయనకే అర్థమై నాలుక కరుచుకున్నాడు.

"అయితే నా కోపం తీరలేదు" అంది లేసావి.

గోల మొదలైంది. పక్క ఊళ్ళ పెద్దలు ఇంకో పంది ఇప్పిస్తామన్నారు, చాపలు రెట్టింపు చేస్తామన్నారు. లేసావి వాళ్ళెవరి వైపూ చూడలేదు. కల్మసేనే చూస్తోంది.

"వీడు నన్ను వచ్చినదానివన్నాడు. వీడు పుట్టిన రోజు వీడి బొడ్డుతాడు పాతిపెట్టి, దాని మీద కొబ్బరి మొక్క నాటింది నేను. ఆ చేతుల్లో నేల లేదంట. ఈ ఊరికి నేను వీడికంటే ముందొచ్చాను. మరి వచ్చినవాడెవడు?"

ముసలాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆడవాళ్ళం మాత్రం ఎవరం నవ్వలేదు. మాలో సగం మంది వచ్చినవాళ్ళే. కల్మసే ఏడుపు మొహంతో, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను పెద్దమ్మా అన్నాడు.

"తీసుకో. మంచిది. అయినా తీరలేదు."

"మరెప్పుడు తీరుద్ది?"

"తీరినప్పుడు చెప్తా" అని, చాప తీసుకోకుండా, పంది మాంసం ముట్టుకోకుండా ఇంటికి వెళ్ళిపోయింది. తర్వాతి శుక్రవారం అందరికంటే ముందొచ్చి బల్ల తుడుచుకుంటూ కనబడింది.

కంపెనీవాళ్ళు కొన్నాళ్ళు కబుర్లు పంపారు, గొడవ తెగకపోయేసరికి వేరే ఒడ్డు చూసుకున్నారు. వాళ్ళు పోతే ఇంకొకళ్ళు, వాళ్ళు పోతే ఇంకొకళ్ళు, మా ఇసుక మీద కన్ను పడనివాళ్ళు లేరు. ఏటా కొత్త పెండలం పండగకు ఊరి పెద్ద ఎవరినో ఒకరిని పంపి, వదినగారి కోపం తీరిందా అని అడిగిస్తాడు. లేదని చెప్పి పంపేస్తుంది. ఒకసారి పాస్టరుగారిని పంపాడు. క్షమించడం మీద ఆయన చాలాసేపు చెప్పాడు. అంతా విని, నాకోసం ప్రార్థన చెయ్యండి అని, ఆయన సంచిలో రెండు పంపరపనసలు పెట్టి పంపింది.

ఆ కోపానికి ఆవిడ చెల్లించింది తక్కువేం కాదు. మా పద్ధతిలో చేతులు కలపనివాళ్ళు ఒకరి గడప ఒకరు తొక్కకూడదు, ఒకరి చేతి తిండి ఒకరు తినకూడదు. కల్మసే చెల్లెలిని చిన్నప్పుడు ఒళ్ళో పెట్టుకుని పెంచింది ఈవిడే. ఆ పిల్ల పెళ్ళికి ఊరంతా వాళ్ళ వాకిట్లో భోజనం చేస్తుంటే లేసావి రోడ్డు అవతల నిలబడి, పాటలు విని వెళ్ళిపోయింది. పెళ్ళికూతురు పరిగెత్తుకుంటూ రోడ్డు దాకా వచ్చి ఏడ్చింది. ఈవిడ ఏడవలేదు. ఆ తర్వాత సంతకు వచ్చి మూల పోగేసిన కొబ్బరికాయలన్నీ ఒక్కటీ వదలకుండా కొట్టేసింది. వాటిని ఎవరికి అమ్మాలో నాకు తెలీలేదు. ఆ రోజు నాకు ఊరి మగవాళ్ళందరి మీదా, చాప తీసుకుని పంది తిని వచ్చేసిన మా మీదా ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. పది మందిమి పంచుకుని మోయాల్సినదాన్ని ఒక్క ముసలామె నెత్తిన పెట్టి, పైగా ఆవిడ నోరు మంచిది కాదని చెప్పుకుంటున్నాం.

ఇప్పుడు చెప్పబోయేది మా ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. మీరు మా ఊరివాళ్ళు కారు కాబట్టి చెబుతున్నాను. మొన్న మధ్యాహ్నం సంతలో ఎవరూ లేరు. నేను కుళాయి దగ్గర ఆకుకూర తడుపుకుని వచ్చేసరికి, లేసావి బుట్టల వెనక ఇసుకలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో కల్మసే కూతురు. ఈ మధ్యే నడక నేర్చిన పిల్ల, అప్పుడప్పుడు ఇంట్లోంచి తప్పించుకుని వస్తుంటుంది. లేసావి అరటిపండు వేలితో మెదిపి దాని నోట్లో పెడుతూ, టొంగోవా పాటేదో పాడుతోంది. అంత మెత్తగా ఆవిడ పాడగలదని నాకు తెలీదు.

"అక్కా, కోపం పోయిందా?" అన్నాను.

"ఎప్పుడో పోయిందే" అంది, తలెత్తకుండానే.

ఇంతలో రోడ్డు మీంచి కల్మసే గొంతు వినబడింది, పిల్లను పేరు పెట్టి పిలుస్తున్నాడు. లేసావి గబగబా పిల్ల మూతి తుడిచి, చేతికంటిన అరటిపండు గౌనుకు తుడుచుకుని, దాన్ని దించి వాళ్ళ నాన్న వైపు నడిపించింది. తర్వాత బల్ల దగ్గరికి వచ్చి కూర్చుని, కత్తి చేతిలోకి తీసుకుని, వాడు పిల్లను ఎత్తుకుని మలుపు తిరిగేదాకా మొహం మాడ్చుకునే ఉంది.